క్యానపీని పైకెత్తే పని: మా గ్యారేజీ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివరి వారం

మాది 2019 టయోటా టకోమా పికప్ ట్రక్కు. డబుల్ క్యాబ్, ఐదడుగుల తొట్టి, తొట్టి మీద క్యాబ్ ఎత్తుకు సమంగా ఫైబర్‌గ్లాసు క్యానపీ, అంటే తొట్టిని కప్పే డొప్ప. సియాటిల్‌కు ఉత్తరాన బోతెల్‌లో ఉంటాం. ఇక్కడ అక్టోబరు మొదలు ఏప్రిల్ దాకా ఏదో ఒక రూపంలో వాన పడుతూనే ఉంటుంది కాబట్టి, ఆ నెలల్లో క్యానపీ లేని ట్రక్కు నాకు అక్కరకు రాదు. ఎండలు మొదలయ్యాక అదే క్యానపీ అడ్డం. తోటకు కావలసిన బెరడు పొట్టు, కంపోస్టు, కంకర అన్నీ లోడరు బకెట్‌తో పైనుంచి గుమ్మరించేవే. పైన కప్పు కనిపిస్తే యార్డులో వాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. ఫ్రిజ్ నిలబెట్టి తేవాలన్నా ఇదే గొడవ.

ఇన్నాళ్లూ నలుగురు స్నేహితులను పిలిచి, తలా ఒక మూల పట్టించి, దించాక బిర్యానీ పెట్టేవాణ్ణి. పల్లకి మోసేటప్పుడు ఒక బోయీ అడుగు తడబడితే మిగతా ముగ్గురి భుజాలకు ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కాకపోతే ఈ పల్లకికి వెనక గాజు తలుపు కూడా ఉంది. సరే, దించాం. ఎక్కడ పెట్టాలి? పెరట్లో పెడితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. గ్యారేజీ నేల మీద పెడితే రెండో కారు బయట తడుస్తుంది. గోడకు నిలువుగా ఆనిస్తే బరువంతా ఒక అంచు మీద పడి ఫైబర్‌గ్లాసు మెలి తిరుగుతుంది. అలా మెలి తిరిగిన క్యానపీ మళ్లీ తొట్టి మీద నాలుగు వైపులా సమంగా కూర్చోదు. మొదటి వానకే ముందు మూలల నుంచి నీళ్లు కారతాయి.

కాబట్టి ఈ వసంతంలో పని మొదలుపెడుతున్నాను. షరతులు మూడే: ఇద్దరు మనుషులతో పని జరగాలి, నేల మీద చోటు తినకూడదు, క్యానపీ కింద ట్రక్కు మామూలుగానే నిలపగలగాలి.

మార్చి మొదట్లో

బజారులో దొరికేవీ, జనం ఇళ్లలో చేసుకునేవీ చూస్తూ కొన్ని సాయంత్రాలు గడిపాను. నాలుగు రకాలుగా తేలాయి.

మొదటిది చక్రాల బండి. తొట్టి అంచుల ఎత్తుకు సమానంగా చెక్కతో ఒక బల్ల కట్టి, కింద నాలుగు తిరుగుడు చక్రాలు పెడతారు. ట్రక్కును వెనక్కి తెచ్చి బల్లకు ఆనించి, క్లాంపులు విప్పి, క్యానపీని వెనక్కి జరుపుతారు. ఖర్చు తక్కువ, ప్రమాదం ఇంకా తక్కువ. నేల మీద చోటు ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు, ఇదే చేసుకోవాలి. నాకు ఆ చోటు లేదు.

రెండోది నాలుగు కాళ్ల జాకీలు. క్యానపీ నాలుగు మూలలకూ ఒక్కో జాకీ కాలు బిగించి, ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పైకి లేపి, ట్రక్కును కింద నుంచి ముందుకు నడుపుకుపోవడం. పెర్త్‌లో ఉండే మా బావ దగ్గర ఇదే ఉంది. ఆస్ట్రేలియాలో చదును ట్రే ఉన్న ట్రక్కుల మీద అల్యూమినియం పెట్టెలాంటి క్యానపీలు బిగిస్తారు. వాటి మూలల్లో జాకీ కాళ్లకోసం గట్టి పట్టీలు ముందే వెల్డింగ్ చేసి వస్తాయి. మన ఫైబర్‌గ్లాసు డొప్పకు అలాంటి బలమైన మూల ఒక్కటీ ఉండదు. బావ మాత్రం ఫోనులో “నువ్వు కూడా అల్యూమినియం కొనెయ్యి, పీడ పోతుంది” అని తేల్చేశాడు. అది సలహా కాదు, ఖర్చు.

మూడోది పందిరిలాంటి ఇనుప చట్రం, మధ్యలో గొలుసు లాగి బరువు ఎత్తే చైన్ బ్లాకు. బలానికి లోటు లేదు గాని మా తొమ్మిదడుగుల కప్పు కింద చట్రం ఎత్తు, చైన్ బ్లాకు పొడవు, క్యానపీ ఎత్తు కలిపితే లెక్క కుదరలేదు.

నాలుగోది కప్పు నుంచి వేలాడే ఎత్తుడు: నాలుగు మూలలకు నాలుగు తాళ్లు, కప్పీలు, గోడమీద ఒక వించి, అంటే పిడి తిప్పితే తాడును చుట్టుకునే యంత్రం. రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి; చిన్న పడవలకు, జీపు టాపులకు అమ్మేవే వీటికీ పనికొస్తాయి. కిట్ కొనకుండా సొంతంగా కట్టాలని అనుకోవడానికి కారణం డబ్బు కాదు. కిట్‌లో కప్పీలు, తాళ్లు వస్తాయి. కప్పులో ఎక్కడ ఏ బోల్టు వేయాలో ఎవరి ఇంటికి వాళ్లే తేల్చుకోవాలి. కష్టమైన సగం ఎలాగూ నాదే అయినప్పుడు మిగతా సగం కూడా నేనే చేసుకుంటే ప్రతి బోల్టు మీదా ఎంత బరువుందో నాకు తెలుస్తుంది.

మరుసటి వారం: బరువు

క్యానపీ మీద బరువు రాసి ఉండదు. ఈ సైజు ఫైబర్‌గ్లాసువి సాధారణంగా 150 నుంచి 200 పౌండ్ల మధ్య ఉంటాయి. ‘సాధారణంగా’ అన్న మాట మీద బోల్టులు ఎంచుకోవడం నాకు ఇష్టం లేదు. స్నేహితులను చివరిసారిగా బిర్యానీకి పిలిచి, దించి, నాలుగు మూలల కింద నాలుగు ఇళ్ల నుంచి తెచ్చిన బాత్‌రూమ్ తూకాలు పెట్టాం.

ముందు మూలలు చెరో 36, వెనక మూలలు చెరో 50. మొత్తం 172 పౌండ్లు, అంటే 78 కిలోలు. వెనక గాజు తలుపు, దాని గ్యాస్ కడ్డీలు, తాళం అన్నీ ఒకే వైపు ఉండడంతో గరిమనాభి బాగా వెనక్కి ఉంది. మధ్యలో ఒకే కొక్కెం వేసి ఎత్తాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కొలతల ప్రకారం సరిగ్గా నడిమధ్యన పట్టి ఎత్తితే వెనక భాగం కిందికి వాలుతుంది. నాలుగు తాళ్ల పద్ధతిలో ఈ బెడద లేదు. నాలుగూ వించి లాగే ఒకే ఇనుప పట్టీకి కట్టి ఉంటాయి, పట్టీ ఎంత జరిగితే నాలుగు మూలలూ అంతే లేస్తాయి. ఏ మూల ఎంత బరువన్నది తాడు బిగువులో తేడా తెస్తుంది గాని ఎత్తులో తేదు.

మార్చి మధ్య: కప్పు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం నిచ్చెన మీద, తల అటకలో పెట్టి గడిచింది.

మా గ్యారేజీ మీద గది లేదు. నేరుగా ఇంటి పైకప్పు ట్రస్‌లు, అంటే పైకప్పును మోసే త్రికోణాల కర్ర చట్రాలు. రెండడుగులకు ఒకటి చొప్పున, ఎడమ గోడ నుంచి కుడి గోడకు పరుచుకుని ఉన్నాయి. కింది కర్ర టూ బై ఫోర్, అంటే నిజానికి ఒకటిన్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు. ట్రస్ కర్రను కోయకూడదు, గాడి చెక్కకూడదు. దాని బలమంతా త్రికోణాలలో ఉంటుంది. ఒక్క కర్రను బలహీనపరిస్తే పక్కనున్నవన్నీ ఇబ్బంది పడతాయి. గ్యారేజీ మీద పడకగది ఉన్న ఇళ్లలో వేరే రకం, ఇంగ్లిషు ఐ అక్షరం ఆకారంలో ఉండే దూలాలు వస్తాయి. వాటి కింది పట్టీ సన్నం. దానిలోకి బోల్టు దించి బరువు వేలాడదీయకూడదు. పక్క వీధిలో మిత్రుడి ఇల్లు అలాంటిదే. అతను నా డ్రాయింగు అడిగినప్పుడు ఇవ్వలేదు, చక్రాల బండి డ్రాయింగు ఇచ్చాను. అక్కడ కప్పుకు ఉన్న జిప్సమ్ పలక కూడా మంట ఆపడానికి పెట్టిన మందపాటి రకం, మందం ఐదు బై ఎనిమిది (5/8) అంగుళం. దానికి పెట్టిన ప్రతి అనవసర రంధ్రాన్నీ మళ్లీ పూడ్చాల్సిందే.

లెక్క ఇలా వేశాను. క్యానపీ 172, దాన్ని మోసే రెండు అడ్డకర్రలు సుమారు 20, మొత్తం 192 పౌండ్లు. క్యానపీ పరుచుకునే చోటు దాదాపు 33 చదరపు అడుగులు. చదరపు అడుగుకు ఆరు పౌండ్ల లోపు. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళిలో సామాను పెట్టని అటకకు లెక్కలోకి తీసుకునే భారం చదరపు అడుగుకు 10 పౌండ్లు, కొద్దిపాటి సామాను పెట్టే అటకకు 20. నా అటక ఖాళీ, ఖాళీగానే ఉంచుతాను. ఇది అంకె కుదిరిందని సంబరపడే లెక్క కాదు. నా ట్రస్‌లకు నా డ్రాయింగే ప్రమాణం కాబట్టి ఇంటి అనుమతి కాగితాల్లోంచి ట్రస్ డ్రాయింగు బయటకు తీసి, నిర్మాణాల ఇంజినీరుగా పనిచేసే స్నేహితుడికి చూపించాను. అతను ఒక్క షరతు పెట్టాడు: బరువు నాలుగు చుక్కల మీద పడకూడదు, వీలైనన్ని ట్రస్‌ల మీద పరుచుకోవాలి.

అందుకని కప్పు కింద రెండు టూ బై సిక్స్ పలకలు, ఒక్కోటి ఎనిమిది అడుగులకు పైన, ట్రక్కు పొడవు దిశలో, ట్రస్‌లకు అడ్డంగా. ఒక్కో పలక ఐదు ట్రస్‌లను దాటుతుంది. రెండు పలకల మధ్య దూరం ఆరున్నర అడుగులు, క్యానపీ వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. కప్పీలు పలకలకే వేలాడతాయి కాబట్టి కప్పీ ట్రస్ కిందికి వచ్చిందా, రెండు ట్రస్‌ల మధ్యకు వచ్చిందా అన్న బెంగ ఉండదు.

ట్రస్‌లు ఎక్కడున్నాయో వెతకడానికి యంత్రం కొనలేదు. దారానికి చిన్న అయస్కాంతం కట్టి, కప్పు మీద తిప్పాను. జిప్సమ్ పలకను ట్రస్‌కు బిగించిన స్క్రూల దగ్గర టక్కున అతుక్కుంటుంది. అలా అతుక్కున్న చోట్లన్నీ పెన్సిల్‌తో కలిపితే ట్రస్ గీత వచ్చేసింది. అటకలోకి దూరి, సన్న డ్రిల్లుతో ఒక రంధ్రం వేసి, గీత మధ్యలోనే పడిందని చూసుకున్నాక మిగతావి వేశాను. ఒకటిన్నర అంగుళాల కర్రలో బోల్టు నడిమధ్యన పడాలి. అర అంగుళం పక్కకు పోతే కర్ర అంచు చీలుతుంది.

బోల్టులు మూడు బై ఎనిమిది (3/8) అంగుళాల లాగ్ రకం, అంటే నట్టు లేకుండా మరతో నేరుగా కర్రలోకి దిగేవి. డగ్లస్ ఫర్ కర్రలో ఈ బోల్టు మర ఒక్క అంగుళం దిగితే 300 పౌండ్ల దాకా నిలువు లాగుడును తట్టుకుంటుందని కర్ర నిర్మాణాల పట్టికల్లో ఉంది. నాకు రెండు అంగుళాలకు పైనే దిగింది. ఒక్కో పలకకు ఐదు బోల్టులు. ముందుగా తగిన సైజు రంధ్రం వేయకుండా లాగ్ బోల్టును బలవంతంగా తిప్పితే కర్ర చీలుతుంది, లేదా బోల్టు మెడ తెగుతుంది. మరకు కొంచెం సబ్బు రాస్తే తేలికగా దిగుతుంది.

ఇంకొకటి, పలకను కప్పుకు ఎక్కించే ముందే చేయాల్సినది: కప్పీలు తగిలించే కన్ను బోల్టులు పలక గుండా ఆరపార దింపి, పై వైపు గుండ్రంగా గుంట చెక్కి, అందులో వాషరు, నట్టు కూర్చోబెట్టాలి. పలక కప్పుకు అతుక్కున్నాక పై వైపు చెయ్యి పోదు.

మార్చి చివర: వించి, కప్పీలు

వించిల గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పడవను ట్రైలర్ మీదికి లాగే వించి చవక, ఎక్కడ చూసినా దొరుకుతుంది. దాన్ని ఈ పనికి వాడకూడదు. అందులో ఉండేది పళ్ల చక్రం, దాని మీద ఒక నాలుక. పైకి తిప్పేటప్పుడు టకటకమంటూ భద్రంగానే ఉంటుంది. దించాలంటే నాలుకను పక్కకు తొలగించాలి. ఆ క్షణం నుంచి బరువంతా మన చేతిలో ఉన్న పిడి మీదే. చెయ్యి జారిందా, పిడి గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది, క్యానపీ తొట్టి మీద పడుతుంది. కావలసింది ఆటోమేటిక్ బ్రేకు ఉన్న వించి. దాంట్లో పిడిని ఎటు తిప్పినా, ఎక్కడ వదిలేసినా బరువు అక్కడే ఆగుతుంది. దించడానికి కూడా పిడిని వెనక్కి తిప్పాలి, లేకుంటే కదలదు.

నాన్నకు వీడియో కాల్‌లో చూపించినప్పుడు ఆయన వేసిన మొదటి ప్రశ్న కూడా అదే. మా ఊరు గుంటూరు జిల్లాలో. బోరు మోటారు కాలిపోయినప్పుడల్లా ముక్కాలి స్టాండు నిలబెట్టి, చైన్ బ్లాకుతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగడం ఆయన ఎన్నోసార్లు దగ్గరుండి చేయించారు.

“ఎత్తడం సంగతి సరేరా, దించేటప్పుడు దాన్ని పట్టుకునేది ఎవరు?” అన్నారు.

“బ్రేకు నాన్నా. వదిలేసినా జారదు.”

“బ్రేకు ఉండనీ. పైపు లేపిన ప్రతిసారీ కింద క్లాంపు వేసేవాళ్లం. చైను మీద ఉంచి అన్నానికి పోయేవాళ్లం కాదు.”

ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. గొలుసుల ఆలోచన అక్కడి నుంచి వచ్చిందే.

కరెంటు హాయిస్టు ఎందుకు కాదని ఆఫీసులో ఒకాయన అడిగారు. మీట నొక్కితే అది లాగుతూ పోతుంది. క్యానపీ అంచు ఎక్కడో తట్టుకున్నా దానికి తెలియదు. పిడి తిప్పే చేతికి వెంటనే తెలుస్తుంది. రెండున్నర అడుగులు ఎత్తడానికి మోటారు అనవసరం.

తాడుకు ఒకటి బై ఎనిమిది అంగుళాల స్టీలు తీగ తాడు తీసుకున్నాను, ఏడు పాయలు, పాయకు పంతొమ్మిది తీగల రకం. వంగుతుంది, కప్పీల మీద తిరగడానికి అదే మేలు. తెగే బలం 2,000 పౌండ్లు. ఐదో వంతు లెక్కన పని భారం 400. ఒక్కో మూలకు యాభై పౌండ్ల చిల్లర, వించి దగ్గర అంతా కలిపి రెండు వందల లోపు. కొసలను మడిచి రెండేసి క్లిప్పులు బిగించాలి. క్లిప్పు జీను, అంటే గాడి ఉన్న దిమ్మ, బరువు మోసే తీగ వైపు, యూ బోల్టు మడిచిన కొస వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే యూ బోల్టు బరువు మోసే తీగనే నలిపేస్తుంది.

ఇక కప్పీల లెక్క. తాడు తొంభై డిగ్రీలు తిరిగే చోట కప్పీని పట్టుకున్న బోల్టు మీద పడేది తాడు బిగువు కాదు, దానికి 1.4 రెట్లు. మూలల్లో 50 పౌండ్లకు 70 అవుతుంది, పెద్ద విషయం కాదు. నాలుగు తాళ్లూ కలిసిన ఇనుప పట్టీ నుంచి ఒకే తాడు బయల్దేరి, గోడ పైన ఒక కప్పీ మీదుగా కిందికి తిరిగి వించికి వస్తుంది చూడండి, అక్కడ ఉంది అసలు బరువు. 192కు 1.4 రెట్లంటే 270 పౌండ్లు, కప్పీల రాపిడి కలిపితే ఇంకా పైన. కప్పు మీది బోల్టులన్నింటికన్నా ఎక్కువ శ్రమ పడేది ఈ ఒక్కటే. చాలామంది ఇళ్లలో ఫోటోలు చూశాను. మూల కప్పీలకు భారీ బోల్టులు వేసి, ఈ కప్పీని మాత్రం ఏదో ఒక కొక్కేనికి తగిలించేస్తారు. నాది గోడ పైభాగాన అడ్డంగా వెళ్లే జంట కర్రకు రెండు బోల్టులతో బిగించాను. వించిని ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక మీద పెట్టి, ఆ పలకను గోడలోని రెండు నిలువు కర్రలకు బిగించాను. పిడి ఛాతీ ఎత్తులో ఉంది. వించి దగ్గర నిలబడితే క్యానపీ మొత్తం కనిపిస్తుంది, మనిషి మాత్రం దాని కింద ఉండడు. ఆ చోటు అందుకే ఎంచుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారం: అడ్డకర్రలు

క్యానపీ కింద వైపు తెరిచి ఉంటుంది. రెండు పక్క గోడలను అంచుల దగ్గర పట్టుకుని ఎత్తితే అవి బయటికి విచ్చుకుంటాయి. పైన ఉన్న సామాను కడ్డీలకు కొక్కేలు తగిలించి ఎత్తేవాళ్లూ ఉన్నారు. ఆ కడ్డీలు బరువు కిందికి మోయడానికి బిగించినవి, పైకి లాగడానికి కాదు. కనుక కింద నుంచే మోయాలి: ముందొకటి, వెనకొకటి, ఏడడుగుల టూ బై ఫోర్ అడ్డకర్రలు. కర్ర పడుకున్నట్టు వేసినా చాలు. క్యానపీ గోడలు కర్రను నొక్కేది రెండు కొసల దగ్గర, తాడు పట్టేది అక్కడికి మూడు నాలుగు అంగుళాల దూరంలో. మధ్యలో బరువే లేదు కాబట్టి కర్ర పెద్దగా వంగదు.

కర్ర పై ముఖానికి పాత కార్పెట్ ముక్క అంటించాను. గోడలు విచ్చుకోకుండా, పక్కకు జారకుండా అంచులకు ఇటూ అటూ చిన్న చెక్క అడ్డాలు. రెండు కొసల్లోనూ కన్ను బోల్టు, దానికి టర్న్‌బకిల్. తాళ్ల పొడవు ఎంత జాగ్రత్తగా కోసినా పావు అంగుళం అటూ ఇటూ వస్తుంది, టర్న్‌బకిల్ తిప్పి సరిచేసుకోవచ్చు.

నీళ్లతో పరీక్ష

క్యానపీకన్నా ముందు బకెట్లు. రెండు అడ్డకర్రల మీద ప్లైవుడ్ పలక పరిచి, ఐదు గ్యాలన్ల బకెట్లు ఐదు నింపి పెట్టాం. ఒక్కోటి నలభై పౌండ్లకు కొంచెం పైన. వెనక వైపు అదనంగా ఒక సోనామసూరి బస్తా. అంతా కలిపి 230 పౌండ్ల దగ్గర, అసలు బరువుకు మించి. బరువు లేకుండా ఉత్త కర్రలతో తిప్పినప్పుడు బ్రేకు సరిగ్గా పట్టలేదు. ఈ రకం వించిలకు కొంత బరువు ఉంటేనే బ్రేకు పట్టు బిగుస్తుంది. బకెట్లు ఎక్కించాక పిడి వదిలేసినా కదల్లేదు. బకెట్లలో నీటి మట్టమే మనకు మట్టం చూసే సాధనం: ముందు ఎడమ మూల కొంచెం కిందికి ఉందని నీళ్లే చెప్పాయి, టర్న్‌బకిల్ తిప్పితే సరిపోయింది.

రాత్రంతా అలాగే వదిలేశాం. పొద్దున పలకలకూ కప్పుకూ మధ్య కాగితం దూర్చి చూశాను. ఎక్కడా దూరలేదు. అటకలో ట్రస్ పళ్ల పలకలు, అంటే కర్రలను కలిపే ఆ ముళ్ల రేకులు, ఏవీ లేవలేదు.

మా ఆవిడ ఒక్కటే అంది: “బియ్యం బస్తా మాత్రం వంటింట్లోకి తెచ్చి పెట్టండి.”

ఏప్రిల్ మధ్య: అసలు ఎత్తుడు

ట్రక్కును వెనక్కి నడిపి గ్యారేజీలోకి తెచ్చాను. ముందుకు నడిపి పెట్టకూడదా అంటే, కూడదు. గ్యారేజీ తలుపు తెరిచినప్పుడు అది కప్పు కిందికి వచ్చి ముందు ఎనిమిది అడుగుల మేర పరుచుకుంటుంది. తొట్టి ఆ భాగంలో ఉంటే క్యానపీ, తలుపు ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. వెనక్కి పెడితే తొట్టి గ్యారేజీ లోపలి కొసకు వస్తుంది, తలుపు మోటారుకు కూడా ఆవల.

విప్పే వరుస ఇది. మొట్టమొదట వైరు. క్యాబ్ వెనక ఉండే మూడో బ్రేకు లైటును క్యానపీ కప్పేస్తుంది కాబట్టి క్యానపీకే ఒక ఎర్ర లైటు ఉంటుంది. 1994 మోడల్ నుంచి ఇక్కడ పికప్ ట్రక్కులకు ఈ మూడో లైటు తప్పనిసరి. దాని వైరు, లోపలి దీపం వైరు ముందు ఎడమ మూలలో ఒక ప్లగ్గు దగ్గర కలుస్తాయి. అది ఊడదీయకుండా ఎత్తితే వించికి తెలియదు, వైరుకు తెలుస్తుంది. తరువాత వెనక గాజు తలుపు, పక్క కిటికీలు మూసి తాళం వేయాలి. ఆ తరువాతే క్లాంపులు. వాటిని వరుసగా ఒక సంచిలో వేసి, ఆ సంచిని క్యానపీ లోపలే కట్టేశాను. ఆరు నెలల తరువాత వెతుక్కోనక్కర్లేదు.

క్యానపీకీ తొట్టి అంచుకూ మధ్య స్పాంజి టేపు ఉంటుంది. నొక్కుకుపోయి బంకలా అతుక్కుని ఉంది. ఇనుప పనిముట్టుతో లేపితే పెయింటు పోతుంది. ప్లాస్టిక్ గరిటె ఒకటి మూల దగ్గర మెల్లగా దూర్చి, టేపు వదులయ్యాక ఏటవాలుగా కోసిన చెక్క ముక్కలు రెండు వైపులా కొద్దికొద్దిగా తోశాం. అర అంగుళం, తరువాత అంగుళం. మా అబ్బాయి తొట్టిలో కూర్చుని వీపుతో ముందు భాగాన్ని కొంచెం లేపాడు, నేను అడ్డకర్ర తోశాను. వెనక వైపు బరువెక్కువ కాబట్టి అక్కడ ఇద్దరం. కర్రలు రెండూ లోపలికి పోయాక వాడు కిందికి దిగాడు. ఆపైన దాని కింద ఎవరూ లేరు.

వించి తిప్పాను. తాళ్లు బిగిశాయి, స్పాంజి చివరి పట్టు చిరుగుతున్న చప్పుడు, ఆపైన క్యానపీ నాలుగు మూలలా ఒకేసారి లేచింది. నాలుగు అంగుళాలు లేవగానే ఆపి, చుట్టూ తిరిగి చూశాం. కర్రలు, అడ్డాలు, తాళ్లు అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. నిజానికి ట్రక్కు బయటికి రావడానికి ఆ నాలుగు అంగుళాలే చాలు. మిగతా ఎత్తంతా దాచిపెట్టడానికి. ట్రక్కును బయటికి నడిపి, అప్పుడు పైకంటా ఎత్తాను. అడ్డకర్రల కింది అంచు నేలకు ఆరున్నర అడుగులు. టకోమా క్యాబ్ ఎత్తు ఆరడుగుల లోపే కాబట్టి దాని కింద ట్రక్కు మామూలుగా నిలుస్తుంది. ఆరడుగుల రెండంగుళాల మా తమ్ముడు కూడా నిలుస్తాడు, తల పైన చెయ్యి అడ్డం పెట్టుకుని.

అదే సాయంత్రం: గొలుసులు

తాడు మీద వేలాడదీసి వదిలేయడం లేదు. పలకలకు ఉన్న మరో నాలుగు కన్ను బోల్టుల నుంచి నాలుగు గొలుసులు దిగుతాయి, మూడు బై పదహారు అంగుళాలవి, ఒక్కోటి 800 పౌండ్ల పని భారం. వాటి కొక్కేలు అడ్డకర్రల కన్నులకు తగిలించి, వించిని ఒక అంగుళం వెనక్కి తిప్పితే బరువు గొలుసుల మీదికి దిగుతుంది, తాళ్లు వదులవుతాయి. నెలల తరబడి మోసేది గొలుసే. తాడు, కప్పీ, బ్రేకు పని చేసేది ఎత్తే, దించే ఆ కొద్ది నిమిషాలే.

పక్కింటి పెద్దాయన ఎవరెట్‌లోని విమానాల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. చూడడానికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా క్యానపీని వేలితో తోశారు. అది అటూ ఇటూ ఊగింది. 2001 ఫిబ్రవరి 28న నిస్క్వాలీ భూకంపం వచ్చినప్పుడు, అది 6.8 తీవ్రత, ఆయన గ్యారేజీలో వేలాడదీసిన సైకిళ్లు ఎదురు గోడకు కొట్టుకున్నాయట. 172 పౌండ్ల గాజు, ఫైబర్‌గ్లాసు ఊగడం మొదలుపెడితే తాడు తెగనక్కర్లేదు, కారు అద్దాలు పగలడానికి ఊగడమే చాలు. ఆ రాత్రే రెండు రాట్చెట్ పట్టీలు కొని తెచ్చాను. అడ్డకర్ర కొస నుంచి వెనక గోడలోని నిలువు కర్రకు ఏటవాలుగా ఒకటి, పక్క గోడకు ఇంకొకటి. బిగించాక వేలితో కాదు, చేత్తో తోసినా కదల్లేదు. పెద్దాయన మళ్లీ వచ్చి తోసి చూసి, తల ఊపి వెళ్లారు.

మే నెల

బెరడు పొట్టు తెచ్చాం. లోడరు డ్రైవరు ఒక్క బకెట్‌తో గుమ్మరించాడు; తొట్టి స్ప్రింగులు చూస్తూ, ఇంకో బకెట్ వద్దని చెయ్యి ఊపాను.

ఖర్చు అంతా కలిపి రెండు వందల యాభై డాలర్ల చుట్టూ తేలింది. సగం వించికి, గొలుసులకు. తగ్గించుకోవాలంటే కర్రల్లో తగ్గించుకోండి. ఆ రెండింట్లో వద్దు.

క్యానపీ పైన ఉన్నప్పుడు కింది అంచు చేతికి అందే ఎత్తులో ఉంటుంది. పాత స్పాంజి టేపు గోకి, స్పిరిటుతో తుడిచి, మూసిన గాలి గదులుండే రకం కొత్త టేపు వేశాను. తెరిచిన గదుల రకం నీళ్లు పీల్చుకుంటుంది, మన వానలకు పనికిరాదు. టేపు అతుకు ముందు వైపు రాకూడదు. క్యాబ్ మీద నుంచి గాలి తోసే నీళ్లు నేరుగా అక్కడే తగులుతాయి. అతుకును వెనక మూలకు నెట్టేశాను.

సెప్టెంబరులో దించేటప్పుడు చేయాల్సినవి వించి పక్కనే గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టాను. ముందు తాళ్లు బిగించి, గొలుసులు వదులైనట్టు చూసుకుని, అప్పుడే కొక్కేలు తీయాలి. పట్టీలు విప్పాలి. డ్రమ్ము మీద తీగ ఎప్పుడూ మూడు చుట్లకు తగ్గకూడదు. తొట్టి మీద కూర్చున్నాక క్లాంపులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, కొన్ని మైళ్లు నడిపాక మళ్లీ ఒకసారి బిగించాలి. బ్రేకు లైటు ప్లగ్గు పెట్టి, ఎవరినైనా వెనక నిలబెట్టి చూడమనాలి.

పక్క వీధి మిత్రుడి చక్రాల బండి వచ్చే వారం మొదలు. అతని టండ్రా ట్రక్కుకు ఆరున్నర అడుగుల తొట్టి కాబట్టి బల్ల పొడవు పెంచాలి, చక్రాలు కూడా ఐదు అంగుళాలవి కావాలి. వాళ్ల గ్యారేజీ గుమ్మం దగ్గర నేల ఒక అంగుళం మెట్టుగా ఉంది, చిన్న చక్రాలు దాన్ని ఎక్కవు.